యువరాజుకి వాయిస్ టెస్ట్

జూన్ 3

అత్తా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నుంచుని చదివితే మధ్యలో కేకేస్తావు, గొంతు పాడైపోతుంది, ఆ పాపం నాకెందుకు. అసలిది ఫోన్లో చెప్పాల్సిన విషయం. కానీ నువ్వు ఫోనెత్తవుగా! "గొంతు అమ్ముకుని బతికేదాన్ని, ఊరికే ఫోన్లో పారబోస్తానా" అంటావు. అందుకని నాకు కాగితమే గతి.

పోయిన నెల మధ్యలో మా ఆఫీసు పక్క థియేటర్లో నీ బొమ్మల సినిమా వచ్చింది. అదే, యువరాజు పడవలో పోతూ అవతలి గట్టు మీద ఒకమ్మాయి నవ్వు విని, ఈత రాకపోయినా నీళ్ళలో దూకేస్తాడు చూడు, అది. అందులో నదిలో ఉండే మంత్రగత్తె గొంతు నీదే. పిల్లల కోసమని పొద్దున ఆట వేశారు. సెలవు పెట్టి మరీ వెళ్ళాను. హాలు నిండా పిల్లలూ తల్లులూ, వాళ్ళ మధ్య ఇరవయ్యారేళ్ళ నేను. యువరాజు దభీమని దూకగానే నాకు నవ్వాగలేదు. ముందు వరసలోంచి ఒకాయన వెనక్కి తిరిగి, "ఈత రానివాడు మునిగిపోతుంటే నవ్వుతారేంటండీ?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటర్వెల్‌లో ఆయనే వచ్చి పలకరించారు.

ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. తనే చూపు పరీక్షించి, తనే అద్దాలు కోసి ఫ్రేములకి బిగిస్తారు. పిల్లల సినిమాకి ఒక్కరే ఎందుకొచ్చారని అడిగితే, ఏ పిల్లలు కళ్ళు చికిలించుకుని చూస్తున్నారో కనిపెట్టి వాళ్ళ తల్లులకి చెప్తానన్నారు. బేరం కోసమా అన్నాను. "సగం బేరం, సగం సినిమా" అన్నారు. అంత నిజాయితీగా మాట్లాడే మనిషిని నేను మా ఆఫీసులో ఒక్కణ్ణీ చూళ్ళేదు.

ఇవాళ్టికి పద్దెనిమిది రోజులైంది. పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం అత్తా. అమ్మ పోయాక నాకు అమ్మవీ నువ్వే, నాన్నవీ నువ్వే. నువ్వు సరేనంటేనే ముందుకెళ్తాను. సరేననవూ?

నీ బుడంకాయ

*

జూన్ 9

ఒసేయ్ బుడంకాయా,

కూర్చునే చదివాను. చదివాక పడుకున్నాను.

పద్దెనిమిది రోజులా! మా స్టూడియోలో కొత్త కుర్చీ కొనాలన్నా నెల రోజులు కూర్చుని చూసి కొంటారే. కిర్రుమంటే మైకులో పడుతుందని.

నువ్వు చూసి మురిసిపోయిన ఆ నది సీను ఎలా తయారైందో చెప్తా విను. యువరాజుకి గొంతిచ్చినాయన పంటినొప్పితో ఒక పొద్దున వచ్చాడు. అరగంటలో "ప్రాణమా, నీ నవ్వు కోసమే పుట్టాను" అనేసి, బుగ్గ పట్టుకుని వెళ్ళిపోయాడు. యువరాణికి చెప్పిన పిల్ల మూడు వారాల తర్వాత వచ్చింది. ఇవాళ్టికీ ఒకరి మొహం ఒకరు ఎరగరు. అసలు అక్కడ "ప్రేమిస్తున్నాను" అనే రాశాం. ఆ బొమ్మ పెదాలకి అంత మాట పట్టలేదు, నోరు బుల్లిగా తెరిచాడు వెధవ. అందుకని "ప్రాణమా" అని సర్దాం. చివర్లో ముద్దు చప్పుడు విన్నావుగా? అది నాది. నా మోచేతిని నేనే ముద్దు పెట్టుకుంటే వచ్చింది. నువ్వు దానికి కళ్ళు తుడుచుకునే ఉంటావు, నాకు తెలుసు.

ఆ యువరాజుకి ఆ పిల్ల గురించి ఏం తెలుసే? నవ్వుతుందని తెలుసు. అంతే కదా! జ్వరమొస్తే మూలుగుతుందని తెలుసా? వాళ్ళు గట్టెక్కగానే తెర మీద పేర్లు పడిపోతాయి. ఆ తర్వాత చూపించడానికేం లేదు కాబట్టి పడతాయి. చిన్నప్పుడు నిన్ను స్టూడియోకి తీసుకెళ్ళి మూల కూర్చోబెట్టి, ఆ సినిమాలన్నీ చూడనివ్వడం నా బుద్ధి తక్కువ. అదంతా పైపై పూతమ్మా. లోపల రేకు డబ్బా.

కళ్ళజోళ్ళాయనకి నా నమస్కారాలు చెప్పు. ఆర్నెల్లు ఆగమను.

మీ అత్త

*

జూన్ 15

అత్తా,

నమస్కారాలు చెప్పాను. "ఆర్నెల్లా? మీ అత్తయ్యగారు కోప్పడినట్టున్నారే" అని నవ్వారు.

నువ్వు ముద్దు చప్పుడు సంగతి చెప్పి నన్ను ఏడిపించాలనుకున్నావు, కానీ నాకు నవ్వొచ్చింది. మోచెయ్యైతే ఏం? ఆ యువరాజు ఒక్క చూపు గీయడానికి ఎంతమంది ఎన్ని రోజులు కూర్చుంటారో నువ్వే చెప్పేదానివి. నేనూ గీసే పనిలోనే ఉన్నాను. ఊరికింద నీళ్ళ పైపుల పటాలే అనుకో. ఒక్క గీత వంకరపోతే వీధి మొత్తం తవ్వుతారు. ఒక చూపు కోసం అంతమంది అన్ని రోజులు ఊపిరి బిగబట్టి గీశారంటే, అది పైపైది ఎలా అవుతుంది?

అతనికి ఆ పిల్ల గురించి ఏమీ తెలీదన్నావు. నిజమే, తెలీదు. అయినా దూకాడు. అన్నీ తెలుసుకుని దూకితే అది స్నానమే కదా! ముందు నమ్ముతారు, తర్వాత తెలుసుకుంటారు. నాకు అందులో ఏ తప్పూ కనిపించదు.

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకు. ముప్పయ్యెనిమిదో ఏడు దాకా ఆ సినిమాలన్నిట్లో యువరాణివి నువ్వే. ఒకరోజు గొంతు ముదిరిందని నీకు మంత్రగత్తె వేషం ఇచ్చి, నీ మైకు దగ్గర పంతొమ్మిదేళ్ళ పిల్లని నించోబెట్టారు. నువ్వు తొమ్మిది రోజులు మంచం దిగలేదు. వేణ్ణీళ్ళు కాచిచ్చింది నేనే. ఆ ప్రేమంతా రేకు డబ్బానే అయితే, అది చేజారిందని అంత ఏడ్చావెందుకు అత్తా?

బుడంకాయ

*

జూన్ 20

చిరంజీవి మేనకోడలికి,

బాగా రాశావు. నా మెతుకులు తిని పెరిగిన నాలుక కదా, పదునుగానే ఉంటుంది.

మైకు పోయిందని ఏడ్చాను. యువరాజు పోయాడని కాదు. నీకు తేడా తెలీకపోతే నేను చెయ్యగలిగిందేం లేదు.

నువ్వు నా పాత సంగతి ఎత్తావు కాబట్టి నేనూ ఒకటి ఎత్తుతాను. మీ నాన్న నాకు తోడబుట్టినవాడే. మీ అమ్మని ఒక పెళ్ళివిందులో చూశాడు. ఆమె ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతోందట. ఆరు రోజుల్లో పెళ్ళాడాడు. ఊరంతా ఆహా అంది, నేనూ అన్నాను. మీ అమ్మకి జబ్బు చేసిన నాలుగో నెలలో సూట్‌కేసు సర్దుకున్నాడు. గుమ్మంలో నిలబడి, "నేను పెళ్ళాడిన మనిషి ఈమె కాదు, నేను చూడలేను" అన్నాడు. అప్పుడు నీకు నాలుగేళ్ళు, నా కొంగు పట్టుకుని నించున్నావు. ఆ చివరి నెలల్లో మీ అమ్మ నవ్విందో లేదో మీ నాన్నకి తెలీదు. నాకు తెలుసు. నవ్వలేదు.

ఇప్పుడు నువ్వూ నవ్వి ఒకణ్ణి పట్టావు. నవ్వు చూసి వచ్చినవాడు నవ్వు పోతే ఉంటాడా? తెలుసుకోవా?

మా దగ్గర ఎంత పెద్ద ఆర్టిస్టుకైనా వాయిస్ టెస్ట్ పెడతాం. నాలుగు ముక్కలు చదివిస్తాం. పనికిరాని గొంతైతే నాలుగో ముక్కకి బయటపడుతుంది. నీ యువరాజుకీ పెట్టు. కంటి వెనక పొర చచ్చిపోతోందనీ, పక్కచూపు ఇప్పటికే పోయిందనీ, రెండేళ్ళలో పూర్తిగా చీకటేననీ పెద్ద డాక్టరు చెప్పాడని చెప్పు. జోళ్ళ వాడికి పెళ్ళాం గుడ్డిదవుతుందంటే ఏం చేస్తాడో చూడు. అతను అద్దాలు బిగించేవాడు, డాక్టరేం కాదు, కనిపెట్టలేడు. పారిపోయాడా, బతికిపోయావు. నిలబడ్డాడా, నేనే వచ్చి పెళ్ళి చేస్తాను, ఇంక నోరెత్తను.

భయపడితే పెట్టకు. భయమెందుకో మాత్రం నిన్ను నువ్వే అడుక్కో.

అత్త

*

జూలై 1

అత్తా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. చింపిన ముక్కలు మళ్ళీ ఏరుకుని చదివాను. నాన్న గుమ్మంలో ఆ మాట అన్నాడని ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు? ఇప్పుడెందుకు చెప్పావు?

ఆయన్ని చూసినప్పుడల్లా సూట్‌కేసు కనిపిస్తోంది. నవ్వబోయి ఆగిపోతున్నాను. మూడు రోజుల కిందట సాయంత్రం షాపులో కూర్చుని ఉంటే, "ఏంటి, ఈ మధ్య మొహం అలా ఉంది?" అని అడిగారు. చెప్పేశాను. నువ్వు రాసినట్టే, అక్షరం పొల్లుపోకుండా. చెప్తుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన షట్టరు సగం దించి, నన్ను ఆ ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. చిన్న దీపంలాంటిదేదో పట్టుకుని రెండు కళ్ళలోకీ చాలాసేపు చూశారు. ఆయన ఊపిరి నా బుగ్గకి తగిలింది. తన ముక్కు వైపే చూడమని, అటూ ఇటూ వేళ్ళు ఆడించి, కనిపిస్తున్నాయా అన్నారు. లేదన్నాను. దీపం ఆర్పేసి, "ఇందులో నాకేం తెలీదులే. పెద్ద డాక్టరు చెప్పాడుగా" అన్నారు. చేతులు కడుక్కుని వచ్చి, "పెళ్ళి ఆగస్టులోనే. నువ్వు ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగారు.

లేదని తలూపాను.

నిలబడ్డారత్తా! నాలుగు ముక్కలూ చదివారు. నువ్వు ఓడిపోయావు. రేపే నిజం చెప్పేస్తాను, ఇద్దరం నవ్వుకుంటాం. నువ్వు టికెట్ కొనుక్కో.

బుడంకాయ

*

జూలై 8

బంగారూ,

రేపే చెప్పేస్తానన్నావు. ఈపాటికి చెప్పేశావా? చెప్పకపోతే మాత్రం చెప్పకు. ఇది నా మీద ఒట్టనుకో.

మొదటి టేకులో అందరూ బాగానే చెప్తారు. మీ నాన్న కూడా మొదటి నెల మీ అమ్మ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క సాయంత్రం పెద్దమనిషిలా మాట్లాడటం ఎవరికైనా చాతనవుతుంది. రోజూ చేయి పట్టుకుని రోడ్డు దాటించాలి, అప్పుడు తెలుస్తుంది. కాస్త తడబడుతూ నడువు. గ్లాసు ఒకటి పడెయ్యి. ఇంకొన్నాళ్ళు చూడు.

అతను గుచ్చిగుచ్చి అడిగినా సరే, నీ అంతట నువ్వు బయటపెట్టకు. మధ్యలో ఆపేసిన టెస్టుకి విలువుండదు. ఎప్పుడు చెప్పాలో నేను చెప్తాను.

ఇక్కడ నాకు పని ఎక్కువగా ఉంది. కొత్త సినిమాలో మూడు తలల ముసలిది నేనే. మూడు తలలకీ మూడు గొంతులు కావాలట, పారితోషికం మాత్రం ఒక తలకే ఇస్తారు. గొంతు బొంగురుపోయింది. నువ్వు దగ్గరుంటే వేణ్ణీళ్ళు ఇచ్చేదానివి.

అత్త

*

జూలై 24

అత్తా,

నావల్ల కావడం లేదు. రేపే చెప్పేస్తానన్నాను గానీ, రోజూ నోటిదాకా వచ్చి ఆగిపోయింది; అంతలో నీ ఒట్టు వచ్చింది.

నువ్వు చెప్పినట్టే తడబడుతూ నడుస్తున్నాను. ఆయన మోచెయ్యి పట్టుకుని దాటిస్తారు. ఎదురుగా వచ్చే బస్సు బోర్డు నాకు చదివి వినిపిస్తారు. అది నాకు కనిపిస్తూనే ఉంటుంది అత్తా, గుండెలో ముల్లు దిగినట్టుంటుంది. పక్క ఊళ్ళో పెద్ద కంటి ఆసుపత్రి ఉంది, వెళ్దామా అని రెండుసార్లు అడిగారు. ఆఫీసులో సెలవు లేదని తప్పించుకున్నాను. రోజూ మా మెట్ల దగ్గర దింపి వెళ్ళేటప్పుడు అదే మాట. "ఇవాళ ఏమైనా చెప్పాలా?" ఎంత ఆప్యాయంగా అడుగుతారో! నేను లేదంటాను.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాం. ఆయనకి తల్లి ఒక్కరే. పొట్టిగా, వంగిపోయి, గడగడా మాట్లాడుతుంది. కాఫీ గ్లాసు నా చేతిలోంచి జారింది. నేను కావాలని పడెయ్యలేదు, నిజంగానే జారింది. ఆవిడ, "అయ్యో, చూసుకోలేదా తల్లీ?" అంది. ఆయన నా వైపే చూస్తున్నారు. నిజం చెప్పడానికి నోరు రాలేదు నాకు. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. "నాకు చూపు పోతోందండీ" అనేశాను.

ఆవిడ గాజుపెంకులు ఏరుతున్నదల్లా ఆగిపోయింది. లేచొచ్చి నా గడ్డం పట్టుకుని, "నాకు డెబ్బై ఒకటి. చూడాల్సినవన్నీ చూసేశాను. నా కన్ను ఒకటి నీకు పెడితే సరిపోతుందేమో డాక్టర్ని అడుగు" అంది. ఉత్త మాటకి అనలేదత్తా. కొడుకు వైపు తిరిగి, "ఏరా, నీకు తెలుస్తుంది కదా, నా కన్ను పనికొస్తుందా?" అని అడిగింది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

సిగ్గుతో కుచించుకుపోయాను. ఇంక చాలు. చెప్పెయ్యమని ఒక్క ముక్క రాయి.

నీ బుడంకాయ

*

జూలై 29

పిచ్చి తల్లీ,

ముసలావిడ మాటలకి కరిగిపోయావా! అత్తగార్లందరూ పెళ్ళికి ముందు కళ్ళే ఇస్తారు.

అతను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడని నువ్వే రాశావు. ఎందుకెళ్ళాడో ఆలోచించావా? తల్లి కన్ను ఇస్తానంటే మగవాడికి మొదటిసారి భయమేస్తుంది. ఇప్పుడే అసలు టెస్టు మొదలైంది. రిజిస్ట్రారు ఆఫీసులో తారీకు ఖాయమయ్యాక, పేపరు మీద సంతకానికి ముందు చెప్పు. అప్పటిదాకా నోరు కుట్టేసుకో.

ఇప్పుడు చెప్పావనుకో, ఆవిడ ముందు నువ్వేమవుతావో కూడా ఆలోచించు. అబద్ధాలకోరు కోడలు. ఇంకొన్నాళ్ళు ఆగితే ఏదో దారి దొరుకుతుంది, మందు పనిచేసిందని చెప్పొచ్చు. నేను రాసిస్తాను ఏం చెప్పాలో. నాకు చేతనైన పని అదే కదా, నోటికి మాట సరిపెట్టడం.

అత్త

*

ఆగస్టు 12

అత్తా,

నీ మాట వినలేదు. ఐదో తారీకున చెప్పేశాను.

షాపులో ఎవరూ లేరు. ఆయన ఏదో ఫ్రేముకి మరలు బిగిస్తున్నారు. మొత్తం చెప్పాను, నువ్వు పెట్టమన్న సంగతి కూడా. ఆయన తలెత్తలేదు. మర బిగించడం పూర్తిచేసి, గుడ్డతో అద్దం తుడిచి, పెట్టెలో పెట్టారు. అప్పుడు చెప్పారు.

మొదటి రోజే తెలుసట.

దీపం వేసి చూసినప్పుడే తెలిసిందట. కంటి వెనక ఏ జబ్బూ లేదు, చిన్నపిల్ల కన్నంత శుభ్రంగా ఉందట. అయినా తనకి తెలియనిదేమైనా ఉందేమోనని ఆగారట. అప్పుడే కుర్చీలోంచి నేను దిగుతుంటే పక్క అర మీంచి ఒక ఫ్రేము జారిందట. నేను అటు చూడకుండానే గాల్లో పట్టుకున్నానట. నాకు గుర్తే లేదు. "పక్కచూపు లేని మనిషి అలా పట్టుకోలేదు" అన్నారు. మనం ఏ మనిషికి ఏ అబద్ధం చెప్పామో చూశావా అత్తా? కళ్ళు చూసి బతికేవాడికి కళ్ళ గురించి చెప్పాం.

మరి అప్పుడే ఎందుకు అడగలేదన్నాను. "అడుగుతూనే ఉన్నాను కదా. రోజూ అడిగాను" అన్నారు. నేనేదో కష్టంలో ఉన్నాననుకున్నారట. ఎవరో బెదిరిస్తున్నారేమో, పెళ్ళి ఇష్టంలేక సాకు వెతుక్కుంటున్నానేమో అనుకుని, నా అంతట నేను చెప్తే ఏదైనా సరే సర్దుకుందామనుకున్నారట. ముప్పయ్యెనిమిది రోజులు. లెక్కపెట్టుకున్నారు. "మా అమ్మ కన్ను ఇస్తానన్న రోజైనా చెప్తావనుకున్నాను. పెరట్లో నించుని, ఇప్పుడొచ్చి చెప్తుంది, ఇప్పుడొచ్చి చెప్తుంది అనుకున్నాను. నువ్వు మళ్ళీ పోసిచ్చిన కాఫీ తాగేసి వచ్చావు" అన్నారు.

కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను. లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టారు. "కోపం లేదు. కానీ ఇకమీదట నీకు తలనొప్పి అన్నా నేను దీపం తీసుకుని చూడాల్సొస్తుంది. అలా బతకలేను" అన్నారు. నన్ను మెట్లదాకా దింపారు. ఆ రోజు ఏమీ అడగలేదు.

నాకు అన్నం దిగడం లేదు అత్తా.

*

ఆగస్టు 17

నా తల్లే,

ఏడవకు. ఏడిస్తే కళ్ళు నిజంగానే పాడవుతాయి.

నేను ముందే చెప్పానని అనను. కానీ నువ్వే చూడు. మొదటి రోజే తెలిసినవాడు నెలపైన నోరు మూసుకుని, బస్సు బోర్డులు చదువుతూ నిన్ను ఆడించాడా లేదా? పైగా కన్నతల్లిని ఏడిపించాడు. ఇదేనా ప్రేమంటే? నువ్వు పెట్టింది ఒక్క టెస్టు. అతను రోజుకొకటి పెట్టాడు. అలాంటి మనిషితో కాపురం చేస్తే రోజూ హాజరు వేసేవాడు. పోతే పోయాడు, పీడా విరగడైంది.

ఆ సినిమాల్లో యువరాజులందరూ ఇంతేనమ్మా. చెప్పులు అరిగేదాకా వెంటపడతారు, ఒక్క చిన్న తప్పు దొరికితే గుర్రం తిప్పుకుంటారు. పైపై పూత అన్నాను, నమ్మలేదు నువ్వు.

వచ్చెయ్. ఇక్కడి నీళ్ళ ఆఫీసులో కూడా పటాలు గీసేవాళ్ళు కావాలి కదా. బదిలీ పెట్టుకో. మనిద్దరం ఉందాం, ఇంతకు ముందు లేమా ఏంటి? ఈ వయసులో నాకు మాత్రం ఎవరున్నారు.

నీ అత్త

*

సెప్టెంబరు 5

అత్తా,

బదిలీకి రాశాను. మా పై ఆఫీసరు సరేనన్నాడు. ఈ నెలాఖరుకి ఆర్డరు వస్తుందట. సామాను పెద్దగా లేదు, గీత బల్లా రెండు పెట్టెలూ.

ఆయన మొన్న మా ఆఫీసుకి వచ్చి నా వస్తువులు ఇచ్చి వెళ్ళారు. గొడుగూ, రెండు పుస్తకాలూ. గేటు దగ్గర నించునే పది నిమిషాలు మాట్లాడుకున్నాం.

నేను వచ్చి నీతో ఉండబోతున్నాను, చాలా ఏళ్ళు ఉంటానేమో కూడా. అందుకని వచ్చేముందు ఒక్కటి అడుగుతున్నాను. జూన్ నుంచి ఇప్పటిదాకా జరిగినదాంట్లో నాకు తెలియనిది, నువ్వు చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఏమైనా ఉందా? ఏదైనా సరే, నేను కోప్పడను. ఇది ఊరికే రాస్తున్న మాట కాదు. నిదానంగా ఆలోచించుకుని రాయి.

బుడంకాయ

*

సెప్టెంబరు 10

నా బంగారు కొండా,

నీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి నా ఇంట్లో మళ్ళీ అలికిడి ఉంటుంది. నీ గదికి సున్నం వేయించాను. కిటికీ రెక్క బిగుసుకుపోతే వడ్రంగిని పిలిపించాను. నీ గీత బల్ల వెలుతురు వైపు పెట్టుకోవచ్చు. స్టూడియోలో అందరికీ చెప్పాను, నా మేనకోడలు వస్తోందని. సౌండ్ ఇంజినీరు, "ఏంటమ్మా, ఇవాళ మంత్రగత్తె గొంతులో నవ్వు వినిపిస్తోంది, మళ్ళీ చెప్పండి" అని రెండుసార్లు టేకు కొట్టించాడు.

నేను చెప్పాల్సిందేముంటుందే? నా కడుపులో ఏదీ దాగదు, నీకు తెలియనిదా! నీకు మంచి జరగాలని రాశాను, అంతే. ఆ కళ్ళజోళ్ళాయన ఏవో కల్పించి చెప్పుంటాడు, పట్టించుకోకు. పోయేవాళ్ళు పోతూ పోతూ నాలుగు రాళ్ళు విసిరే పోతారు.

రైలు దిగే రోజు రాయి. స్టేషనుకి నేనే వస్తాను.

నీ కోసం గుమ్మంలో నించున్న

అత్త

*

సెప్టెంబరు 16

అత్తకి,

గేటు దగ్గర ఆయన ఏమీ కల్పించలేదు. "మీ అత్తయ్యగారు నా ఉత్తరం గురించి నీకేమీ చెప్పలేదా?" అని మాత్రం అడిగారు. నేను తెల్లమొహం వేశాను. ఆయన కూడా.

నేను అబద్ధం చెప్పిన నాలుగో రోజున, నా బల్ల మీది కవరు చూసి నీ చిరునామా రాసుకుని, ఆయన నీకు ఉత్తరం రాశారు. ఏం రాశారో కూడా చెప్పారు. "అమ్మాయి కళ్ళు బాగున్నాయి. ఎందుకో జబ్బని చెప్తోంది. ఏదో భయం ఉన్నట్టుంది. నేను అడిగితే బిగుసుకుపోతుందేమో. మీరు పెద్దవారు, తల్లిలాంటివారు. నాకు తెలుసనీ, నాకు కోపం లేదనీ, ధైర్యంగా చెప్పమనీ ఒక్క మాట రాయండి" అని రాశారట. నువ్వు సంతకం పెట్టి తీసుకున్న రసీదు ఆయన దగ్గర ఉంది. జూలై ఆరు. నువ్వు చెప్పకు చెప్పకు అని నాకు ఒట్టు పెట్టింది ఎనిమిదిన.

ఆయన నీ జవాబు కోసం చూశారు. రాలేదు. తల్లిలాంటి మనిషి చెప్పినా ఆ పిల్ల చెప్పడం లేదంటే ఇంక ఆ పిల్ల అంతేనేమో అనుకున్నారు. టెస్టు పెట్టమన్నది నువ్వేనని చెప్పాను గానీ, నీ ఒట్టు సంగతి ఆయనకి చెప్పలేదు కదా; తన ఉత్తరం అందాక నువ్వు ఆపమనే రాసుంటావనుకున్నారట. ఆయన నన్ను వదిలేసింది అందుకే. ఇప్పుడు నిజం తెలిసింది కదా, అని నేనే సిగ్గు విడిచి అడిగాను. "తెలిసింది. కానీ మా అమ్మ ముందు ఆ మాట అన్న నోరు నీదే కదా" అన్నారు. అదీ నిజమే. అందులో నీకు వాటా ఇవ్వను.

నువ్వెందుకు దాచావో నాకు తెలుసు. ఆయన పారిపోతాడని నీకు నమ్మకం ఉండి కాదు. పారిపోడని తెలిసిపోయింది కాబట్టి. నేను తిరిగొస్తే వేణ్ణీళ్ళు ఇస్తాననుకున్నావు. చివరి నెలల్లో అమ్మ ఎందుకు నవ్వలేదో కూడా ఇప్పుడు తెలిసింది. పక్కన నువ్వున్నావు.

ఆ సినిమాల్లో ప్రేమ నిజమా, పైపైదా అని ఇన్ని కాగితాలు ఖరాబు చేశాం. నాకు తెలిసింది ఒక్కటే. ఆ సినిమాలన్నీ నేను చూశాను, నువ్వు వాటికి గొంతిచ్చావు. వాటిల్లో ఒకరినొకరు నమ్మడం తప్ప ఆ పిల్లకీ పిల్లాడికీ వేరే పని ఉండదు. మనుషులకి పరీక్షలు పెట్టేది ఒక్క మంత్రగత్తే. నీకు ఆ వేషం ఇచ్చినవాళ్ళు గొంతు ముదిరిందని ఇచ్చారని ఇన్నాళ్ళూ పాపమనుకున్నాను. వాళ్ళకి నీ సంగతి నాకంటే ముందే తెలిసినట్టుంది.

బదిలీ కాగితం వెనక్కి తీసుకున్నాను. సున్నం వేయించిన గదిలో ఎవరినైనా పెట్టుకో. స్టూడియోలో వాళ్ళకి ఏం చెప్తావో నాకనవసరం, నోటికి పట్టిన మాట చెప్పు. నాకు ఇంక రాయకు. రాసినా విప్పను.

ఆయన నన్ను ముప్పయ్యెనిమిది సార్లు అడిగారు, నేను ఏమీ లేదన్నాను. నేను నిన్ను ఒక్కసారి అడిగాను, నువ్వూ ఏమీ లేదన్నావు. ముప్పయ్యెనిమిది సార్లు అడిగే మంచితనం నాకు లేదు.

ఇట్లు,
నువ్వు పెంచిన పిల్ల